తప్పంతా నీళ్లదే

పోలరాజుగారి లెక్కలో మనుషులెవరూ తప్పు చెయ్యరు. చేస్తే గీస్తే నీళ్లే చేస్తాయి.

రైల్వేలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం ఆయనది. పుట్టింది భీమిలి, కాపురం అల్వాల్. మాదాపూర్‌లో కొత్త జీతాలు అందుకున్న కుర్రాళ్లు ఇంట్లో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టి, బతికున్న పగడాలు పెంచుతున్న రోజులవి. ఎంత మంచి రోజులో. ఎవరింట్లో పగడం ముడుచుకున్నా కబురు ఈయనకే వెళ్లేది. స్కూటర్ మీద రెండు డబ్బాలు, సంచిలో గాజు గొట్టాలు వేసుకుని దిగిపోయేవారు. గంటసేపు చుక్కలు లెక్కపెట్టి, రంగులు వెలుతుర్లో చూసి, కళ్లజోడు తుడుచుకుని తీర్పు చెప్పేవారు.

"నీళ్లదే తప్పు."

బోయినపల్లి రాజబాబు ఒకసారి తొట్టి లోపలి అద్దాలు సబ్బుతో తళతళా తోమించాడు. నురగ ఇంకా తేలుతూనే ఉంది. సబ్బు వల్లేమో అని అతనే అనబోయినా పోలరాజుగారు ఒప్పుకోనివ్వలేదు. సబ్బుదేముంది, ఆ నీళ్లకే ఓర్పు తక్కువ అన్నారు. ఒకే రోగం తెలిసిన డాక్టరని వెనక అందరూ నవ్వుకునేవారు. సుధ కూడా నవ్వింది, తనదాకా వచ్చేవరకూ.

సుధ వాళ్లది మల్కాజ్‌గిరి. పొద్దున్నే లోకల్ పట్టుకుని సికింద్రాబాదు, అక్కణ్ణించి బస్సు. కంపెనీలో టెస్టరు, అంటే పక్కవాళ్ల తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం. భర్త సత్యదేవ్‌ది వేరే కంపెనీ. ఆర్నెల్లుగా ప్రాజెక్టు లేక బెంచి మీదున్నాడు. రేపోమాపో తీసేస్తారని ఇద్దరికీ బెంగ. సాయంత్రం పగడాల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే తప్ప మనిషి తేరుకునేవాడు కాదు.

ఇంతలో సుధ వాళ్లమ్మ కాంతమణి అనకాపల్లి నుంచి ఫోన్ చేసి, అల్లుడికి కుజుడు బాగాలేడని సిద్ధాంతి చెప్పాడంది. పగడం ఉంగరం చేయించి తొమ్మిది మంగళవారాలు పాలతో కడగాలట. ఇంట్లో తొట్టెడు పగడాలుండగా మళ్లీ ఉంగరమెందుకు అనుకుంది సుధ. మంగళవారం తలస్నానం చేసి, కుజుడికి దణ్ణం పెట్టి, గ్లాసుడు చిక్కటి గేదెపాలు తొట్లో పోసేసింది.

మర్నాటికి నీళ్లు మజ్జిగతేటలా తయారయ్యాయి. నురగ తీసే మిషను పొంగి నేలంతా కారింది. పగడాలన్నీ ముడుచుకుపోయాయి. ఉన్న ఒక్క ఊరటా పోయిందని సత్యదేవ్ గోడకి చేరగిలబడ్డాడు. చెబుదామని సుధ రెండుసార్లు దగ్గరికెళ్లి, నేల తుడిచి వచ్చేసింది.

పోలరాజుగారు వచ్చి నురగ వేలితో తీసి వాసన చూశారు. సుధ వైపు ఒకసారి చూశారు. అయినా పద్ధతి తప్పకుండా గొట్టాలన్నీ దింపి గంటన్నర పరీక్షించారు. సగం నీళ్లు తోడించి, డబ్బాల్లో తెచ్చిన ఉప్పునీళ్లు పోయించారు. గాలి మోటారు ఇంకోటి పెట్టించారు. ఇంతకీ ఏమైందండీ అని సత్యదేవ్ అడిగితే మామూలు తీర్పే చెప్పారు. అతను బోరుని తిట్టుకుంటూ బకెట్లు కడగడానికి పెరట్లోకి వెళ్లాడు.

తాగిన టీ గ్లాసు తిరిగిచ్చే వంకతో ఆయన వంటింటి గుమ్మం దగ్గరికొచ్చారు.

"పాలెన్ని పోసేవమ్మీ?"

సుధ బావురుమంది. సిద్ధాంతి, కుజుడు, బెంచి అన్నీ చెప్పేసింది.

"నీ పెనిమిటికి నువ్వు చెప్పుకుంటే చెప్పుకో. నాను మాత్రం చెప్పను," అన్నారాయన. "ఒకింట్లో ముసలమ్మ గోదారనుకుని రాగి పైసా యేసేసింది. ఇంకోచోట పాప చేపకి జొరమని సిరప్పు పోసింది. ఆళ్ల పేర్లు బయటెట్టి నానేటి బావుకుంటాను? నీళ్లని తిడితే నీళ్లకేటీ బాధుండదు."

సుధ కళ్లు తుడుచుకుంది. గుండె తేలికపడింది కానీ ఇంకో భయం మొదలైంది.

"మరి మొక్కు బాబాయిగారూ? ఇంకా ఎనిమిది వారాలున్నాయి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పై మంగళవారం ఏడింటికల్లా స్కూటర్ వచ్చి ఆగింది. నీళ్లు ఓసారి చూసి పోదామని వచ్చానన్నారు సత్యదేవ్‌తో. సుధ పాలగ్లాసుని విచ్చుకున్న పగడాలకి అద్దం బయట్నుంచే చూపించి, దణ్ణం పెట్టుకుని, ఆయన చేతికిచ్చింది. పాలంటే కడుపుబ్బరం ఆయనకి. అయినా కళ్లు మూసుకుని గడగడా తాగేశారు. వారం వారం అదే వరస. ఏడో వారానికి సత్యదేవ్‌కి ప్రాజెక్టు దొరికింది. ఇంక చాలు బాబాయిగారూ అని సుధ బతిమాలినా వినలేదు. మధ్యలో మానేస్తే కుజుడు ఊరుకోడని మిగిలిన రెండు గ్లాసులూ వచ్చి తాగి వెళ్లారు.

"పాపం, పెద్దాయనకి నీళ్ల పిచ్చి బాగా ముదిరిందే," అన్నాడు సత్యదేవ్.