సాక్ష్యంలో వినబడని మాట

రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసిన తర్వాత, మా చర్చి సంఘంలోని ఆడవాళ్లు ప్రతి గురువారం సాయంత్రం ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చేవారు. నేనొక్కదాన్నే ఉండే ఇల్లు ఆ కాసేపూ నిండిపోయేది. మంచం చుట్టూ చేరి, నొప్పి ఉన్న నడుంమీద చేతులుంచి ప్రార్థించేవారు. అందరిలోకీ పెద్ద గొంతుతో ప్రార్థించే అక్క చెయ్యి కూడా బరువే.

"అక్కా, కొంచెం చెయ్యి తియ్యి. ప్రభువు ముట్టేలోపల నువ్వే నడుం ఇరిచేట్టుండావు," అన్నానొకసారి. కన్నీళ్లతోనే అందరం నవ్వాం.

మాత్రలకు నొప్పి లొంగకపోయేసరికి తిరుపతిలో కరెంటు పెట్టించుకోమన్నారు. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. "ఇది నొప్పి తగ్గడానికేనమ్మా, జబ్బు పోవడానికి కాదు," అని డాక్టరమ్మ ముందే చెప్పింది. నన్ను బల్లమీద పడుకోబెట్టి అందరూ బయటికి వెళ్లి తలుపు మూశారు. ఎన్నో ప్రార్థన కూటాల్లో తడుముకోకుండా ప్రార్థించిన నాకు అక్కడ "ప్రభువా" తప్ప మాట రాలేదు.

కొన్నాళ్లు నొప్పి ఇంకా ఎక్కువై, ఆ తర్వాత మెల్లగా తగ్గింది. ఒక ఆదివారం నడిచి మందిరానికి వెళ్లి, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాను. "కరెంటు పెట్టినాక నా నొప్పి తగ్గింది" అన్నానో లేదో, మందిరమంతా హల్లెలూయ అంటూ లేచింది. "జబ్బు అట్లే ఉంది" అన్న నా రెండో మాట ఆ చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. మైకు ఇంకొకరి చేతికి పోయింది.

ఆ గురువారం చాప పరిచి, టీ కాచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే ఆ బరువు చేతి అక్క, "నీకు స్వస్థత వచ్చింది గదమ్మే! కూటం రాజుపాలెంలో ఇంకొకామె ఇంటికి మార్చినాం. నువ్వే రా, సాక్ష్యం చెప్దువు," అంది సంతోషంగా.

నొప్పి మళ్లీ వచ్చిందని ఒక్క మాట అంటే చాలు, అందరూ వచ్చేవారు. కానీ దేవుడిచ్చిన ఉపశమనాన్ని లేదని ఎలా అనను? బైబిల్లో, శరీరంలోని ముల్లును తీసెయ్యమని దేవుణ్ని బతిమాలుకున్న అపొస్తలుడికి ఆ ముల్లు పోలేదు. అయినా ఆయన సాక్ష్యం చెల్లింది.

తర్వాతి ఆదివారం మైకు గట్టిగా పట్టుకున్నాను. "స్తోత్రాలు తర్వాత చెప్దురు, ముందు ఇనండి. తగ్గింది నొప్పే. జబ్బు యాడికీ పోలేదు."

ఎవరూ ఆమేన్ అనలేదు.

గురువారం ఆ అక్క ఒక్కతే వచ్చింది. చాపమీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇప్పుడు ప్రభువును ఏమడగాలమ్మే?" అంది.

"ఏమీ అడగొద్దులే అక్కా. కాసేపు కూర్చో."

టీ తాగింది. చాపమీద మిగతా చోటంతా ఖాళీగానే ఉంది.