నల్లా కింది సోయా మొక్క

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో, ఒక్క పరీక్ష పెట్టి మమ్మల్ని రెండుగా చీల్చారు. అబిడ్స్‌లో బడి. మార్కులొచ్చినవాళ్లు 'ఎ' సెక్షన్, మిగిలినవాళ్లు 'బి'. వాళ్లకు లెక్కల సారు, మాకు ఆ పూట ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. పరీక్షకు ముందు వారమంతా నేను దవాఖానలో అమ్మ దగ్గరున్నానని ఎవరూ పట్టించుకోలేదు. తలచుకుంటే ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది. ఇక బడికి పోనని మొండికేశాను.

మా చిన్నాయన సోయా విత్తనాలు మెరుగుపరిచే క్షేత్రంలో పనిచేసేవాడు. నాంపల్లిలో మా డాబా మీద కూడా పాత డబ్బాల్లో రకరకాల సోయా పెంచేవాడు. నన్ను ఓదార్చలేదు. కాయలు ఎండాక మీదికి తీసుకుపోయి, "విత్తనానికి ఒక్క మొక్కను ఏరు బిడ్డా" అన్నాడు. అన్నిటికంటే గుబురైనదాన్ని చూపించాను. దాని గింజలు ఒక సంచిలో వేశాడు. మిగతా ప్రతి మొక్క నుంచి ఒక్కో కాయ తీసి విడిగా దాచాడు. మళ్లీ వానలకు అన్నీ ఒకే మట్టిలో వేసి, ఏది ఏ మొక్క గింజో డబ్బాల మీద రాశాడు. సమానంగా నీళ్లు పోసే పని నాది. అవి పండేదాకా బడికి పోవాలని షరతు.

నేను ఏరిన మొక్క పిల్లలు మామూలుగానే కాశాయి. పిట్టగోడ నీడలో గిడసబారిన మొక్క పిల్లలు విరగకాశాయి. నన్ను మోసం చేశావని చిన్నాయన మీద అరిచాను.

"నువ్వు ఏరింది ఏడుండె? నల్లా కింద. పొద్దంత నీళ్లు కారుతుండె. గది గింజ బలమా, నీళ్ల బలమా? మా క్షేత్రంల సార్లు గూడ గంతే. కాలువ పక్క మొక్కలనే ఏరుతరు, మిగిలినయి పారేస్తరు. చెప్తె ఇంటరా?" అన్నాడు. ఆయనకు కోపం రావడం నేను చూసింది అదే మొదటిసారి.

నా సెక్షన్ మారలేదు. బడి మాత్రం మానలేదు. పెద్దయ్యాక ముప్పై ఏళ్లు బడిలో లెక్కలే చెప్పాను.

మొన్న హిమాయత్‌నగర్‌లోని బడిలో మా మనవరాలిని ఒక్క పరీక్షతో వెనక సెక్షన్‌లో పడేశారు. నేనే వెళ్లాను. గోడ మీద ర్యాంకులవాళ్ల ఫొటోలు చూపించారు.

"మంచిగున్నయి. నల్లా ఏడుందో గూడ చూపెట్టున్రి" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటినుంచి చెప్పాను.