తొడుగు తీయని నేల

మా బావగారు కవర్లు తీయరు. అక్క మొగుడు కాబట్టి ‘గారు’ అంటున్నాను, అంతకుమించి గౌరవమేమీ లేదు. వాళ్లింట్లో టీవీ రిమోట్ కొన్ననాటి ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. మీటల మీది అంకెలు కనపడక, ఇంటికొచ్చినవాళ్లు గుడ్డిగా ఏదో నొక్కి, వచ్చిన చానలే చూసి పోతుంటారు. సోఫా మీద దుప్పటి, దుప్పటి మీద ఇంకో దుప్పటి. పరుపుకి షాపువాడు తొడిగిన కవరు ఇరవై ఏళ్లయినా అలాగే కరకరమంటోంది. నేను వెళ్లి ఉన్న రోజుల్లో, అక్క అటు నుంచి ఇటు ఒత్తిగిలితే పక్కగదిలో పడుకున్న నాకు తెలిసిపోతుంది. ఇదంతా పొదుపనుకుంటే పొరపాటు. పొదుపు తెలిసినవాళ్లు వస్తువుని వాడుకుంటారు. ఈయన కాపలా కాస్తారు.

ఉద్యోగం కూడా ఆయనకి తగినదే దొరికింది. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ. ముప్పై రెండేళ్లు పెట్టెల్ని నడుమెత్తు నుంచి కింద పడేసి, ఏ మూల నొక్కుకుపోయిందో కాగితం మీద రాశారు. పెట్టె లోపల ఏముంటుందని ఒక్కరోజైనా అడిగి ఉండరు. రిటైరయ్యాక పడేయడానికి ఏమీ లేక దిగాలుగా తిరిగారు కొన్నాళ్లు. అంతలో మా అక్క పడింది.

వంటింటికీ ముందుగదికీ మధ్య నడవాలో ఒక టైలు ఏడాదిగా ఊగుతోంది. “దాని మీద కాలెయ్యకుండా దాటి వెళ్లు, ఏం కాదు” అని బావగారి సలహా. ఏడాది పొడుగునా దాటిన మనిషి, ఒకరోజు చేతిలో గిన్నె ఉండి కిందికి చూసుకోలేదు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, లోపల రాడ్డు వేసి ఇంటికి పంపారు. నడక నేర్పడానికి వచ్చే ఫిజియో అమ్మాయి మొదటిరోజే ఆ నేలని చూసి మొహమాటం లేకుండా చెప్పేసింది.

“ఆంటీ రోజూ వాకర్ పట్టుకుని నడవాలి సార్. రెండు నెలల్లో నడక రాకపోతే కాలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత నేనొచ్చినా చేసేదేం ఉండదు. ఈ నేల మీద మాత్రం నేను నడిపించను. ఎగుడుదిగుడుగా ఉంది, పైగా జారుతోంది. ముందు దీని సంగతి చూడండి.”

పాత టైళ్లు పగలగొట్టకుండా, ఊగేవాటిని సరిచేసి, పైన చదును చేసి ప్లాస్టిక్ లాంటి వినైల్ పలకలు పరిచేస్తే రెండ్రోజుల్లో పనైపోతుందని తెలిసింది. బావగారికి తోడుగా నన్ను పంపింది అక్క. “ఆయన్నొక్కర్నే పంపితే నేను ముసలిదాన్నయ్యాక తెస్తారే” అంది. అక్కకి అరవై రెండు.

షాపు మీద ‘అందుబాటు ధరలో లగ్జరీ’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. బావగారు దానికి దండం పెట్టడం ఒక్కటే తక్కువ. ధర ఆయనకి అందుబాటులో ఉండాలి, లగ్జరీ అన్నమాట పక్కింటాయన చెవిన పడాలి. షాపతను ఓపికమంతుడు. కర్ర చారలున్నవి, రాతి మచ్చలున్నవి, నిగనిగలాడేవి, గరుకువి అన్నీ వరసగా పరిచి, అరుగుదలని తట్టుకునేది పై పొరేనని, రంగు కన్నా దాని మందం చూసుకోవాలని చెప్పాడు. చివరికి అడగవలసిన మాట అడిగాడు.

“ఇంట్లో నడక ఎక్కువుంటుందా సార్?”

“అబ్బే, ఎవరూ నడవరండి. మేమిద్దరమే” అన్నారు బావగారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నడవడానికే కదా బావగారూ ఇదంతా! అక్క కోసమే కదా!”

“అదేలేమ్మా. మీ అక్క మాత్రం ఎంత నడుస్తుంది? మంచం నుంచి బాత్రూం దాకా” అన్నారు, నేనేదో చిన్నపిల్లలా మాట్లాడినట్టు షాపతని వైపు చూసి నవ్వుతూ.

ఆరోజు ఆయన నేల కొనలేదు. పదిహేడు శాంపిల్ ముక్కలు అడిగి తెచ్చుకున్నారు. మూడు వారాలు ఆ ఇల్లు మళ్లీ అట్టపెట్టెల ఫ్యాక్టరీ అయిపోయింది. ఒకదాన్ని తాళంచెవితో గీశారు. ఒకదాని మీద టీ పోసి ఎండనిచ్చారు. అన్నిటినీ బకెట్లో నానబెట్టి, తుడిచి, మీద నడుమెత్తు నుంచి సుత్తి పడేశారు. నోటుపుస్తకంలో గళ్లు గీసి ఏ ముక్క ఏమైందో రాసుకున్నారు. ఆ గళ్లలో అన్నీ ఉన్నాయి, అక్క కాలు తప్ప. ముందుగదిలోకి మార్చిన మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తూ, పాపం, ఆవిడే అడిగింది.

“ఏవండీ, ఒకదాని మీద నా కాలు పెట్టి చూడనా? జారుతుందో లేదో తెలుస్తుంది.”

“ఉండవే, మరకలవుతాయి. తిరిగిచ్చెయ్యాలి.”

అప్పటికి అక్క పిక్క నా ముంజేయంత అయింది. ఇక ఊరుకోలేక, ఆ ముక్కలన్నీ పోగుచేసి అక్క ఒళ్లో పోశాను. అక్క అరచేత్తో ఒక్కొక్కటీ నిమిరి, గోధుమరంగు గరుకు పలక పక్కన పెట్టింది. “దీనికి పట్టుందే” అంది. బావగారు నోటుపుస్తకం చూసుకుని, దాని పై పొరే అన్నిటికన్నా మందమని తేలాక, ఆ ఎంపిక తనదే అన్నట్టు ఒప్పుకున్నారు.

పలకలొచ్చాయి. పరిచే ముందు రెండ్రోజులు పెట్టెల్లోనే గదిలో ఉంచాలట, ఆ గది వేడికి అలవాటు పడాలట. ఆ రెండ్రోజులూ బావగారు పెట్టెల చుట్టూ ప్రదక్షిణలు. “అయిదు పొరల అట్టమ్మా! ఈ రోజుల్లో ఎవరు వేస్తున్నారిలా?” అని నన్ను కూడా తట్టి చూడమన్నారు. లోపలి పలకల గురించి ఒక్క మాట లేదు. తర్వాత పనివాళ్లిద్దరు వచ్చి, గోడల వెంబడి సన్నటి సందు వదిలి, ఒక పలక గాడిలో ఇంకోటి బిగించుకుంటూ సాయంత్రానికి పూర్తిచేశారు. నిజం చెప్పొద్దూ, నేల బ్రహ్మాండంగా కుదిరింది. అక్క మంచం మీంచే దాన్ని చూసి మొహం చాటంత చేసుకుంది.

మర్నాడు పొద్దున ఫిజియో అమ్మాయితో పాటు నేనూ వెళ్లాను. తలుపు తీయగానే ఇద్దరం గుమ్మంలోనే ఆగిపోయాం. నేల లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అట్టలే. ఆ అయిదు పొరల పెట్టెలనే కోసి, విప్పి, పరిచి, అతుకులకి టేపు వేసి, దాని మీద ప్లాస్టిక్ షీటు కప్పారు. వాకర్ నాలుగు కాళ్లకీ నాలుగు పాత మేజోళ్లు తొడిగారు. అక్క కాళ్లు వేలాడేసుకుని మంచం అంచున కూర్చుని ఉంది.

“ఏంటి సార్ ఇది?” అంది ఫిజియో అమ్మాయి.

“కొత్తది కదమ్మా. ఓ ఆర్నెల్లు దీని మీద ఎవరూ తొక్కకపోతే మంచిది. వాకర్ రబ్బరుకి నల్ల మచ్చలు పడతాయట.”

“దీని మీద నడిపిస్తే రెండో తుంటి కూడా విరుగుతుంది సార్. ఆంటీకి నడక రావడానికి ఇంక మిగిలింది మూడు వారాలే.”

“అయితే మంచం మీదే ఏవైనా చేయించమ్మా” అన్నారు మా బావగారు. ఆ మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు. నేను వంగి ప్లాస్టిక్ అంచు పట్టుకున్నాను.

“నువ్వాగవే” అంది అక్క. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. “ముందు ఆ వాకర్ ఇలా తే. ఒక కాలికి మేజోడు తియ్యి. ఆ రబ్బరు కూడా పీకు. ఈ మంచం దగ్గర అట్ట పక్కకి జరుపు.”

అన్నీ చేశాను. ఫిజియో అమ్మాయి నడుం పట్టుకుంటే అక్క లేచి నిలబడింది. రబ్బరు లేని ఆ గొట్టాన్ని కొత్త పలక మీద ఆనించి, ఉన్న బరువంతా దాని మీద వేసి ఒక్క తోపు తోసింది. కిర్రుమంది. నేల మీద జానెడు తెల్లటి గీత.

“అయ్యయ్యో!” అని బావగారు ఉరికొచ్చి మోకాళ్ల మీద కూలబడ్డారు. అక్క పడిన రోజు ఆయన కుర్చీలోంచి ఇంత జోరుగా లేవలేదు. బొటనవేలితో ఆ గీతని రుద్దుతున్నారు, రుద్దితే పోతుందన్నట్టు.

“ఇక కొత్తది కాదుగా. ఇప్పుడు నడవొచ్చా?” అంది అక్క.

బావగారు టేపు చుట్ట కోసం చుట్టూ వెతుక్కున్నారు.

“ఇరవై ఏళ్లు ప్లాస్టిక్ మీద పడుకున్నాను. ఏమన్లేదు. నడిస్తే మాత్రం నేల మీదే నడుస్తాను. అవన్నీ తీసెయ్యండి.”

నేను రబ్బరు మళ్లీ తొడిగి, మిగతా మేజోళ్లు పీకేసి, ప్లాస్టిక్ షీటు లాగేశాను. అక్క వాకర్ ముందుకేసింది. ఆవిడ ఒక్కో అడుగు వేస్తుంటే ముందు బావగారు వంగి ఒక్కో అట్టా లాక్కుంటూ వెనక్కి జరిగారు. అలా నడవా దాకా వెళ్లారు, పదకొండు అడుగులు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. బావగారి కళ్లలోనూ నీళ్లున్నాయి గానీ, అవి దేనికోసమో నాకు తెలుసు.

పది రోజుల తర్వాత వెళితే అక్కే నెమ్మదిగా వచ్చి తలుపు తీసింది. మంచం దగ్గర ఆ గీత మీద మెరుస్తూ టేపు అంటించి ఉంది, దాని అంచులు అప్పుడే లేచిపోయాయి. “ఇదేంటక్కా?” అన్నాను.

“ఇంకెవరు, మీ బావగారే. నేను తొక్కీ తొక్కీ ఊడగొడుతుంటే రోజూ పొద్దున్నే కొత్తది అంటిస్తున్నారు.”

“నువ్వూరుకుంటున్నావా?”

“అంటించుకోనీలేవే. రోజూ కొత్త టేపు కావాలంటే, నేను రోజూ నడుస్తున్నట్టేగా” అంది అక్క, వాకర్‌ని వంటింటి వైపు తిప్పుతూ.