పండుగ వాకిట్లో మక్కపిండి

మేము కిరాయికి ఉంటున్న ఇంటి కింద పిండి గిర్ని ఉంది. నారాయణపేటలో ఇంకా మగ్గాల చప్పుడు మొదలవకముందే అది తిరగడం మొదలవుతుంది. జొన్నలు పోస్తే ఒక వాసన, గోధుమలు పోస్తే ఒక వాసన, మక్కలు, అదే మొక్కజొన్నలు, పోసినప్పుడు మాత్రం ఆ వేడి పిండి వాసన మెట్లెక్కి వంటింటి దాకా వచ్చి, నా చేతిలో పనిని ఎక్కడిదక్కడ ఆపేస్తుంది. ఆ వాసనకు నాకు రెండు ఊళ్ళు గుర్తొస్తాయి. ఒకటి కొల్లాపూర్ దగ్గర నేను పుట్టిన ఊరు. రెండోది, ముసలితనంలో నేనూ మా ఆయనా దేవుని పనికని పోయి నాలుగేళ్ళున్న మలావీ దేశపు పల్లె.

మా బాపుకు గొర్లుండేవి. వానల్లో మందను కృష్ణ ఒడ్డు గుట్టలకు తోలుకుపోయి, పంట కోసిన చేలల్లో ఎరువు కోసం మంద పెట్టే నాటికి తిరిగొచ్చేవాడు; ఆయన తడి గొంగడి వాసన, ఈనిన గొర్రె జున్ను, పీర్ల పండుగకు వేడి రొట్టెలో బెల్లం వేసి నన్ను కన్న అవ్వ నలిపే మలీద, అరుగు మీద చింతగింజలతో ఆడే అష్టాచెమ్మ, ఇవన్నీ కలిసి ఒకే బొమ్మగా నాలో ఉన్నాయి. పాత జొన్నలు అడుగంటి కొత్తవి ఇంకా చేతికి రాని నెలలు కూడా ఆ బొమ్మలోవే. అవ్వ అంబలి కాస్తుంటే, కుండలో గరిటె తిరిగే చప్పుడును బట్టే అది ఎంత పలుచనో పిల్లలకు తెలిసిపోయేది. చిక్కటిదైతే గరిటె నెమ్మదిగా మూలిగేది, పలుచటిదైతే గలగలమనేది. ఆ నెలల్లో ఎవరింటికీ ఎవరూ తిండివేళకు పోయేవారు కాదు.

పెళ్ళయ్యాక మా ఆయనతో పాటు ప్రార్థనకు పోవడం అలవాటైంది. యాభై దాటాక చర్చి సంఘంలోనే అక్షరాలు నేర్చుకున్నాను. ఆయన బస్సు డిపోలో మెకానిక్ పని నుంచి దిగిపోయిన తరువాత, తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు, సంఘం మమ్మల్ని అంత దూరం పంపింది. దేవుని పని అంటే ఏదో పెద్దదని వినేవాళ్ళకు అనిపిస్తుంది. మాకు మాత్రం పొద్దున బోరింగు దగ్గర నీళ్ళకు వరుసలో నిలబడటం, పొగపొయ్యి, మాత్రలు అయిపోకముందే టౌనుకు పోయి తెచ్చుకోవడం, ఎర్రమట్టి బాటల్లో జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు నడిచిపోవడం, వచ్చీరాని భాషలో పది మాటలు మాట్లాడి పదకొండో మాటకు నవ్వి ఊరుకోవడం. సైకిలు దిగుతూ మా ఆయన రోజూ ఒకటే మాట అనేవాడు.

“ముసలోళ్లను పంపిన్రు గని, జర మోకాళ్లు బాగుచేసి పంపాల్సుండె.”

పక్కింటి ఆగ్నెస్‌ది నా వయసే. ప్రార్థనలో నా చాప మీదే కూర్చుని, నేను తప్పు పేజీ తీస్తే వేలితో సరిచేసేది. ఆమె వస్తే ఆ వాడ ఆడవాళ్ళందరూ వచ్చేవారు. మా పని నిలబడ్డదంటే ఆమె వల్లే.

మొదటి క్రిస్మస్ పొద్దున, పండుగపూట వాకిలి బోసిగా ఉండకూడదని నేను ప్రార్థన ఇంటి ముందు ఊడ్చి, నీళ్ళు చల్లి, పెద్ద ముగ్గు పెట్టాను. ముగ్గుపిండి లేదు. డబ్బాలో ఉన్న మక్కపిండి తీసుకున్నాను. మన గట్కలాంటి ముద్ద వండుకునేది వాళ్ళు ఆ పిండితోనే. అప్పటికి వాళ్ళ గాదెలు అడుగంటుతున్నాయని, పొలంలో మక్కలు ఇంకా మోకాలెత్తు కూడా కాలేదని నేను రోజూ చూస్తూనే ఉన్నాను, చూసి కూడా గమనించలేదు.

ఆడవాళ్ళు వచ్చి ముగ్గు అంచున ఆగిపోయారు. తిండిని తొక్కి ఎవరూ లోపలికి రాలేరు. ఆగ్నెస్ వంగి, రెండు అరచేతులతో ఆ పిండిని మన్నుతో సహా తన గుడ్డ కొంగులోకి ఎత్తుకోసాగింది. ఎత్తడం అయ్యాక నా వైపు చూడకుండా ఇంటికి పోయింది. మిగతావాళ్ళు ఆమె వెంట పోయారు.

మా అవ్వ కూడా అట్లాగే వంగింది ఒకసారి. పెళ్ళివాళ్ళ ఇంటి ముందు ముగ్గు చూసి వచ్చి, నాకు ఏడేళ్ళప్పుడు, తెల్లరాయి పొడికి బదులు పిడికెడు జొన్నపిండి తెచ్చి మా వాకిట్లో చల్లాను. అవ్వ నన్ను కొట్టలేదు. పిండి ఎత్తి, జల్లెడ పట్టి, ఆ పూట అంబలి కాసి అందరికీ పోసి తను తాగలేదు. “నాకు కడుపుల బాగలేదు, మీరు తాగున్రి,” అంది. పంటి కింద ఇసుక తగులుతుంటే తల దించుకుని తాగాను.

మూడు ఆదివారాలు ఆడవాళ్ళు ఎవరూ రాలేదు. క్షమించమని అడగడానికి నాకు వాళ్ళ భాష చాలదు. మొదటి ఆదివారం దాటిన సోమవారం నుంచే పార పట్టుకుని ఆగ్నెస్ చేనుకు పోయి, ఆమె పక్క సాలులో కలుపు తీయడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు, రమ్మననూ లేదు. ఎండకు నడుము పట్టేసి, ఇంటికొచ్చి మంచానికి అడ్డంగా పడిపోయేదాన్ని.

“మనం వచ్చింది వాక్యం చెప్పనీకి గని కలుపు తియ్యనీకా?” అన్నాడు మా ఆయన.

“చెప్పనీకి నువ్వున్నవు గదా. విననీకి ఎవలున్నరు?”

ఆయన మరునాడు తనకూ ఒక పార అడిగి తెచ్చుకున్నాడు.

నాలుగో ఆదివారం ఆగ్నెస్ వచ్చి నా చాప మీద కూర్చుంది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు.

ఇప్పుడు మా ఊళ్ళో జొన్నచేలు పోయి పత్తి వచ్చింది. బాపు తోలిన గుట్టలకు మందలు పోవడం లేదు. రేషన్ బియ్యం వచ్చాక నా మనవరాలికి ఆకలి నెలలంటే ఏమిటో తెలియదు, తెలియకపోవడమే మంచిది. కాని ఎదుటి ఇంట్లో ఆ నెల నడుస్తున్నదని చెప్పకుండానే కనిపెట్టే చూపు ఒకటి మాకుండేది. అదీ పోయింది. అందరికంటే ముందు నాకే పోయింది.

మొన్న తిరుమలగిరి నుంచి ఇద్దరు భార్యాభర్తలు వచ్చారు, మా తరువాత అదే పల్లెకు పోతున్నవాళ్ళు. మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు చెప్పాడు. వెళ్ళేముందు ఆమె నన్నడిగింది.

“అమ్మా, ఆడోళ్లకు ముందుగాల ఏ వాక్యం చెప్పమంటవు?”

“ఏం చెప్పకు బిడ్డా. ఒక వానకాలం ఆళ్లతోని కలుపు తియ్యి. గప్పటిదాంక నోరు తెర్వకు.”

నేను హాస్యమాడుతున్నానని ఆమె నవ్వింది. మా ఆయన నవ్వలేదు.