స్కేటింగ్ బూట్ల తగువు

“గదవకు తగిలింది గాబట్టి కుట్లతోని పోయింది. అదే నెత్తికి తగిలుంటే? ఇంకోసారి నెత్తికే తగిలితే ఏం జేస్తం అత్తమ్మా?”

ఈ మాట నిరోష నోటివెంట పొద్దుటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో ఆమెకే తెలియదు. ఎల్లారెడ్డిలో బస్సెక్కుతూ అన్నది, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుంటూ అన్నది, లింగంపేట దాటాక మళ్లీ అన్నది. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. ఎదురుగా బండి వచ్చినప్పుడల్లా డ్రైవరు బస్సును ఆ వడ్ల అంచుదాకా తెస్తున్నాడు. బస్సు ఊగినప్పుడల్లా నిరోష ఒళ్లోని సంచిలో స్కేటింగ్ బూట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి.

కిటికీ పక్కన కూర్చున్న అత్త లక్ష్మీనర్సమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “తగలని దెబ్బకు గూడ కట్టు గడ్తవు బిడ్డా నువ్వు. జర ఊపిరి దీస్కో. దుకాణం దాక పోనీ.”

నిరోష ఊపిరి తీసుకోలేదు, ఫోను తీసింది. సెలవు పెట్టి పిల్ల దగ్గర ఉన్న భర్త అభిలాష్‌ను అడిగింది. “పండుకున్నదా? లేపు. లేస్తదా చూడు. వాంతి గిట్ల అయిందా?” అవతల నుంచి పిల్ల నవ్వు వినబడ్డాక గానీ ఫోను పెట్టలేదు.

నిరోష బీఎస్సీ చదివి ఎల్లారెడ్డిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఎవరి రక్తంలో ఏం తగ్గిందో, ఏం పెరిగిందో రోజంతా చూసీ చూసీ, ఇంట్లో పిల్ల తుమ్మినా ఆమె మనసు ముందు చెడ్డ జవాబు దగ్గరికే పరుగెత్తుతుంది. ఆ పిల్ల అనూహ్య, రెండో తరగతి. బడిలో శనివారాలు స్కేటింగ్ నేర్పుతామన్నారు. వద్దని తల్లి, కావాలని పిల్ల. నానమ్మ పిల్ల పక్షం చేరడంతో బతుకమ్మ పండుగ మొదలుకాకముందే కామారెడ్డి వెళ్లి బూట్లు కొన్నారు. సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి శనివారం, గచ్చు మీద బాగానే పోతూ ఉండగా కుడి బూటు ముందు చక్రం టక్కున ఆగిపోయింది. పిల్ల మాత్రం ఆగలేదు. గడ్డం గచ్చుకు కొట్టుకొని గదవ పగిలింది.

ఆ సాయంత్రమే నిరోష బూటును తిరగేసి ఒక్కో చక్రాన్నీ వేలితో తిప్పి చూసింది. తక్కినవి తిరిగాయి, ముందుది గరగరమని మొరాయించింది. కొత్త వస్తువు, పట్టుమని పదిసార్లు కూడా తొక్కలేదు. కారణం ఆమెకు ఒక్కటే కనిపించింది: తయారీలోనే లోపం. వారంటీ ఇంకా ఉంది. అయితే ఆమెకు కావలసింది బూట్లు బాగుపడటం కాదు. ఇది చెడ్డ సరుకని దుకాణదారు నోటితోనే అనిపించి, వాటిని అక్కడే పడేసి రావాలి. ఆ తర్వాత ఇంట్లో స్కేటింగ్ మాటెత్తడానికి ఎవరికీ నోరుండదు.

లక్ష్మీనర్సమ్మ ఆలోచన వేరు. పొద్దున బయల్దేరేటప్పుడు అనూహ్య గదవకు పట్టీతో గడప దగ్గర నిలబడి, తల్లిని కాకుండా నానమ్మను అడిగింది. “నా బూట్లు మల్ల తెస్తవా?”

“తెస్త. తిరిగేటియే తెస్త,” అని ఆమె మాటిచ్చింది.

అలా ఒకే సంచి పట్టుకొని ఒకరు దాన్ని వదిలించుకోవడానికి, ఒకరు తిరిగి తేవడానికి బస్సెక్కారు.

తగువు లక్ష్మీనర్సమ్మకు కొత్త కాదు. లింగంపేట దగ్గరి పల్లెలో పుట్టి, ఆడుకునే వయసులోనే చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టింది. పెళ్లయి ఎల్లారెడ్డికి వచ్చినా చాట వదల్లేదు. భర్త పోయాక అభిలాష్‌ను ఆ చాట మీదే చదివించి కరెంటాఫీసు ఉద్యోగం దాకా తెచ్చింది. బీడీలు అప్పజెప్పే చోట కట్టలు చూసే గుమాస్తా ఒకడుండేవాడు. కట్టను పైపైన నొక్కి, “మెత్తగున్నయి, తీస్కపో,” అని పక్కకు విసిరేవాడు. తక్కిన ఆడవాళ్లు తల వంచుకొని వెళ్లిపోయేవారు. లక్ష్మీనర్సమ్మ అక్కడే చతికిలబడేది. “ఇప్పు. నా ముందట ఇప్పు. ఏ బీడీ మెత్తగున్నదో నాకు సూపియ్యి.” విప్పితే ఒకటో రెండో నిజంగానే చెడ్డవి ఉండేవి. వాటిని ఆమే తుంచి పారేసేది. మిగిలిన కట్టను మాత్రం వాడు తీసుకునేదాకా లేచేది కాదు. “నాది తప్పయితే తప్పే. ఇప్పకుండ అంటే మాత్రం ఊకోను,” అనేది. మోకాళ్లు అరిగాక చాట అటకెక్కింది. నోరు ఎక్కలేదు.

కామారెడ్డి బస్టాండుకు కొంచెం అవతల ఉంది చక్రధర్ ఆటసామాన్ల దుకాణం. వాళ్లు వెళ్లేసరికి అతను ఒక బడిలో ఆటలు నేర్పే పీఈటీ సారు తిరుపతికి వాలీబాళ్లు చూపిస్తున్నాడు. నిరోష సంచిలోంచి బూట్లు తీసి గల్లాపెట్టె ముందు పెట్టింది.

“ఏమైంది మేడమ్? పాప రాళ్లల్ల తొక్కిందా?”

“రాళ్లల్ల ఎందుకు తొక్కుతది? బడిల గచ్చు మీద తొక్కింది. చెడ్డ సరుకు అమ్మిండ్రు మీరు.” గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. ఫోనులో పిల్ల గదవ ఫోటో తెరిచి అతని ముందుకు జరిపింది. “ఇది నెత్తి అయితే ఏం చేద్దురు?”

చక్రధర్ ఫోటో చూసి “అయ్యో” అన్నాడు. ఆ అయ్యోలో కల్తీ లేదు. అయినా అతని చెయ్యి వారంటీ కార్డు మీదికే పోయింది. “కంపెనీకి పంపుత మేడమ్. వాళ్లు చూసి చెప్తరు. నెల పట్టొచ్చు, రెండు నెలలు గూడ పట్టొచ్చు. వాళ్లు కాదంటే ఇగ నా చేతుల లేదు.”

“పంపుండ్రి,” అనేసింది నిరోష. ఎన్ని నెలలు పడితే అంత మంచిది. కళ్లెదుట లేకపోతే పిల్ల మరిచిపోతుంది. మరుక్షణమే ఇంకో అనుమానం తొలిచింది. లోపం లేదని వాళ్లు తిప్పి పంపితే? అప్పుడు ఇంట్లో ఏమని ఆపాలి?

“ఏడికి పంపుతవు?” అన్న మాట వెనక నుంచి వచ్చింది. లక్ష్మీనర్సమ్మ అప్పటికే అక్కడున్న ట్రెడ్‌మిల్ మీద కూర్చొని మోకాళ్లు రుద్దుకుంటోంది.

“ఢిల్లీకి అవ్వా.”

“ఢిల్లీల ఎవడు ఇప్పుతడో, ఏమంటడో నేను చూస్తనా? నువ్విప్పు.”

“అది కంపెనీ పని అవ్వా.”

“అమ్మిననాడు కంపెనీ వచ్చిందా? నువ్వే అమ్మితివి, నువ్వే ఇప్పు. మా ముందట ఇప్పు.”

తిరుపతి సారు చేతిలో బంతిని తిప్పుతూ నవ్వాడు. “మిషను కొంటవా ఏంది అవ్వా?”

“కూసుంటే మంచిగనే ఉన్నది సారూ. దీని మీద నడుస్తరట గద, అది నాతోని కాదు.”

“ఇప్పరాదు చక్రధరన్నా. అవ్వ లేసేటట్టు లేదు. నీ మిషను అమ్ముడుపోదిగ.”

నిరోష అత్త చెయ్యి పట్టుకొని లాగింది. “పంపనీయుండ్రి అత్తమ్మా, పోదాం.”

“నువ్వూకో బిడ్డా. ఇప్పకుండ ఒప్పుకుంటే జీవితమంత అనుమానమే ఉంటది.”

చక్రధర్ నిట్టూర్చి తాళంచెవి లాంటి పనిముట్టుతో చక్రం ఊడదీశాడు. లోపలి బేరింగును మొనతో లేపి కాగితం మీద పెట్టాడు. గుండ్లన్నీ తుప్పుతో గోధుమరంగులో ఉన్నాయి. వాటి సందుల్లో పచ్చటి ముద్ద ఏదో ఎండి గట్టిపడి ఉంది. అతను గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు.

“మేడమ్, వీటిని ఇంట్ల కడిగిండ్రా?”

“లేదు. పిల్లను అడిగిన. నీళ్లల్ల పెట్టలేదన్నది. అది గ్రీసు అయ్యుంటది.”

“గ్రీసు గిట్ల ఉండదు మేడమ్. ఇది పసుపు.”

నిరోష వంగి చూసింది. పచ్చటి ముద్ద అంచున ఎర్రటి రవ్వ కూడా ఉంది. కుంకుమ. దసరా పొద్దున తాను ల్యాబుకు వెళ్లి వచ్చేసరికి మోటారుసైకిలుకు, కుట్టుమిషనుకు, కత్తిపీటకు బొట్లు ఉండటం గుర్తొచ్చింది. అరుగు మీద ఆరబెట్టిన బూట్ల వైపు తాను చూడనేలేదు.

వేడి చెవులదాకా ఎక్కింది. అంటే మీరేనా అత్తమ్మా? ఇంత దూరం వచ్చి, ఇంతసేపు ఇతన్ని నిలదీసింది మీరేనా? మాటలు నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. పిల్ల గదవ ఫోటో ఇంకా గల్లాపెట్టె మీద వెలుగుతోంది.

లక్ష్మీనర్సమ్మ మోకాళ్ల మీద చేతులు మోపి లేచి వచ్చింది. కాగితం మీదికి వంగి చాలాసేపు చూసింది.

“నాదే,” అన్నది చివరికి. “దసర పొద్దుగాల బండిని కడిగి, బకెట్ల ఇవి గూడ ముంచిన. సర్ఫు పెట్టి రుద్దిన. తడి పసుపు రాసిన. చక్రాలున్నయి గద, ఇది గూడ బండే అనుకున్న.” కోడలి వైపు చూడకుండా అన్నది, “నా పిల్ల గదవ నేనే పలగ్గొట్టిన.”

నిరోష గల్లాపెట్టె మీది ఫోను తీసి ఫోటో మూసేసింది.

చక్రధర్ మెల్లగా కార్డు మడిచాడు. “ఇగ వారంటీ రాదవ్వా. నీళ్లు తగిలితే లేదని దీంట్ల రాసే ఉన్నది.”

“రాకుంటే రాకపాయె. నాది తప్పయితే తప్పే.” ఆమె కళ్లు ఒత్తుకుంది. తలెత్తి దుకాణమంతా ఒకసారి కలియజూసింది. గుమ్మం ముందు చక్రధర్ స్కూటరుకు వాడిపోయిన బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది. “మరి నీ బండి కడగకుండనే దండేసినవా?”

“కడిగిన అవ్వా.”

“నేను కూసున్న మిషనుకు బొట్లు ఎవలు పెట్టిండ్రు?”

“మా ఇంటామె.”

“చక్రాలున్న సామాను దసరకు కడగని ఇల్లు మన దిక్కు ఒక్కటి సూపియ్యి. ఢిల్లీ కంపెనీకి తెల్వదు, సరే. నీకెరుక లేదా కొడుకా? పండుగ ముందట అమ్మితివి. ‘అవ్వా, ఉత్త బొట్టు పెట్టు, నీళ్లు ముట్టియ్యకు’ అని ఒక్క మాటంటే నీ నోరు అరుగుతుండెనా?”

చక్రధర్ స్కూటరు మీది దండ వైపు చూశాడు.

“ఔటే అన్నా,” అన్నాడు తిరుపతి సారు. “అంపైరును గూడ అడిగేది లేదు.”

చక్రధర్ తల గోక్కుంటూ నవ్వాడు. “కంపెనీకి అబద్ధం రాయలేనవ్వా. వారంటీ నాతోని కాదు. బేరింగులు మాత్రం నేనేస్త, అన్నిటికి కొత్తయి. ఒక్క మాట చెప్పకపోతిననే అనుకో.”

“గది మంచిగున్నది.”

అతను పని చేస్తున్నంతసేపు నిరోష పక్కనే నిలబడింది. చక్రం బిగించినప్పుడల్లా తానే తిప్పి చూసింది, చెవి దగ్గర పెట్టుకొని విన్నది, మళ్లీ తిప్పింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. చెడ్డ సరుకని అనిపించలేకపోయింది. వదిలేసి పోదామన్న బూట్లు మళ్లీ సంచిలోకి వచ్చాయి. తిరుపతి సారు బంతి తీసుకొని వెళ్తుంటే చక్రధర్ వెనక నుంచి కేకేశాడు. “సారూ, ముందుగాలనే చెప్తున్న. బాలు కడగొద్దు!”

తిరుగు బస్సు తాడ్వాయి దాటింది. నిరోష ఫోను తీసింది, లోపల పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

“నాకెందుకు చెప్పలే అత్తమ్మా? ఆ దినమే అడిగిన గద.”

“ఏమని అడిగినవు? బూటు చేతుల బట్టుకొని, గుమ్మంల నిలవడి, ‘దీన్ని ఎవలు ఖరాబు చేసిండ్రు’ అన్నవు. నేను ఖరాబు చేసిననా? పూజ చేసిన. అదేమన్న చెడ్డ పనా చెప్పనీకి? పిల్లనేమో ‘నీళ్లల్ల పెట్టినవా’ అన్నవు. అది పెట్టలేదు, లేదన్నది. ఇంట్ల ఎవలం అబద్ధమాడలే బిడ్డా.”

నిరోషకు తన పని గుర్తొచ్చింది. ల్యాబుకు పొద్దున్నే షుగరు పరీక్షకు వచ్చేవాళ్లను “ఏమన్న తిన్నరా?” అంటే లేదంటారు. టీ తాగి వచ్చి కూడా లేదంటారు. అది అబద్ధం కాదు, టీ తిండి కాదు గదా. అందుకే తాను వాళ్లను కూర్చోబెట్టి, లేచినప్పటి నుంచి నోట్లోకి ఏమేం పోయిందో వరసగా చెప్పమంటుంది. అంత తెలిసిన మనిషి ఇంట్లో ప్రశ్నలోనే జవాబు పెట్టి, భయం పెట్టి అడిగింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు గానీ, ఎవరి మీద ఉందో మాత్రం తేలడం లేదు.

“మరి ఎట్ల అడగాల్నంటరు?”

“కూసోని అడుగు. నిలవడి అడిగితే పోలీసోళ్ల లెక్క ఉంటది, ఎవలైనా సగమే చెప్తరు. ఏం తప్పు చేసినవని అడగకు, పొద్దుగాల కెల్లి ఏం చేసినవో చెప్పమను. మొత్తం చెప్పనియ్యి. నడుమల నీ భయం పెట్టకు.”

అనూహ్య మళ్లీ శనివారాలు స్కేటింగ్‌కు పోతోంది. మొదటి వారం నిరోష ల్యాబులో అనుమతి తీసుకొని బడి గోడ పక్కన నిలబడింది. రెండో వారం కూడా నిలబడింది. భయం ఎక్కడికీ పోలేదు.

మొన్న సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి, ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకొని గోడవారగా లోపలికి జరుగుతోంది. ఎక్కడ పడ్డవు, నెత్తి తగిలిందా, చూపియ్యి — అన్నీ ఒక్కసారే నిరోష గొంతులోకి వచ్చాయి. ఆమె నేల మీద కూర్చుంది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“పొద్దుగాల బడికి పోయినప్పటి సంది ఏమేం చేసినవో చెప్పు బిడ్డా.”

అనూహ్య ప్రార్థన దగ్గర మొదలుపెట్టింది. తర్వాత వందన అనే స్నేహితురాలి పెన్సిలు పోయింది, దొరికింది, మళ్లీ పోయింది. మధ్యాహ్నం గుడ్డు పెట్టారు. గుడ్డు పొట్టు తీయడం ఎవరికి రాదో చెప్పింది. ఆ దాచుకున్న చెయ్యి దాకా రావడానికి ఇంకా చాలా ఉంది. నిరోష రెండు చేతులతో తన మోకాళ్లు గట్టిగా పట్టుకొని, నడుమ ఒక్క మాట అనకుండా వింటూ కూర్చుంది.