నేను పెట్టిన పులిహోర

మా ఆయన బట్టలు ఉతికితే, ఆయన ఏ దిక్కు ఆడి వచ్చిండో చెప్పకుండానే నాకు తెలిసేది. ఆదిలాబాద్ దిక్కు పోతే బనీనుకు నల్లరేగడి అంటుకొని, నానేస్తే జిగటగా వదిలేది. జగిత్యాల దిక్కు పోతే ఎర్రమన్ను. బెల్లంపల్లి నుంచి వస్తే మట్టిలో బొగ్గు పొడి కలిసి ఉండేది, ఎంత జాడించినా బకెట్ అడుగున సన్నగా మిగిలేది. బనీను వెనుక అంకె మాత్రం ప్రతిసారీ వేరే. ఆయన కబడ్డీ ఆటగాడు. నాది అని చెప్పుకునే జట్టు ఆయనకు ఎన్నడూ లేదు. ఎవరు పిలిస్తే వాళ్లకు ఆడిండు. జాతర టోర్నమెంటు అయితే రెండు రోజులు, గని జట్టు అయితే ఒక సీజను. కిరాయి ఆటగాడు అనేవాళ్లు. ఆ మాట ఆయన నవ్వుకుంటనే చెప్పేది, నేనూ నవ్వేదాన్ని.

నేను బడికి పోలేదు. మా ఊర్లో బడి వాగు అవతల ఉండేది. ఆడపిల్లను రోజూ వాగు దాటించుడు ఎందుకని బాపు ఇంట్లోనే పలక మీద దిద్దించిండు. సాయంత్రం ఆయన పద్యం చదివేది, నేను రాసేది, తప్పు పోతే చెవి మెలిపెట్టి మళ్లీ రాయించేది. ఆ రాతతోనే ఇది రాస్తున్న. బాపు పెట్టిన భిక్ష అది.

సంబంధం వచ్చినప్పుడు పిల్లగాడు ఏం చేస్తడని మా మేనత్త అడిగింది.

"కబడ్డీ ఆడుతడు," అన్నడు మధ్యవర్తి.

"ఆడితే ఆడనియ్యి. పనేం చేస్తడు?"

"గదే పని అత్తమ్మా. బెల్లంపల్లి గని జట్టుల ఆడుతుండు. ఇయ్యాల్నో రేపో నౌకరి అయితది."

నౌకరి కాలేదు. ఎవరినీ అనడానికి లేదు. అప్పటికే గనులు ఒకటొకటి మూతపడుతున్నయి. ఉన్నవాళ్లకే పని లేనప్పుడు కూతకు పోయేవాన్ని ఎవరు పెట్టుకుంటరు. ఆయన మళ్లీ సంచి సర్దుకున్నడు. మంచిర్యాల, ఆసిఫాబాద్, అక్కడినుంచి చంద్రపూర్, నాందేడ్. ఆ దిక్కు పోయి వచ్చినప్పుడల్లా నాలుగు మరాఠీ మాటలు పట్టుకొచ్చి నామీద ఆడించేది.

ఆయన బయలుదేరే ప్రతిసారీ నేను నరసింహస్వామి పటం ముందు దీపం పెట్టి, నైవేద్యం చేసి, కొంచెం ఆయన అరచేతిలో పెట్టేదాన్ని. చక్కెర పలుకైనా సరే. అది నోట్లో వేసుకోకుండ గడప దాటనిచ్చేదాన్ని కాదు.

"పోయినసారి మంచిర్యాల జట్టుకు ఆడిన. ఇప్పుడు మంచిర్యాల మీదనే ఆడుతున్న. స్వామి పరేషాన్ అయితడే, ఎవల దిక్కు ఉండాల్నో తెల్వక."

"జట్లు ఎన్నయితే ఏంది. నువ్వయితే ఒక్కనివే గదా."

చంద్రపూర్ దిక్కు ఒక ఆటలో నలుగురు మీద పడితే మోకాలు తిరిగింది. ఆపరేషన్ అయినంక ఆడిండు గాని, ఆ కాలు ముందటి లెక్క కాలేదు. అప్పుడే కబడ్డీ టీవీలోకి వచ్చింది. మట్టి పోయి మ్యాటు వచ్చింది. సెలక్షన్లకు హైదరాబాద్ పోయిండు. అప్పటికి ముప్పై దాటి నాలుగేండ్లు. అక్కడ ఎంపికకు కూర్చున్న పిల్లగాడు లేచి నిలబడి, "అన్నా, మీ ఆట చూసే మేం నేర్చుకున్నం. మీరు కోచింగ్ చూసుకుంటే మంచిగుంటది," అన్నడట. ఇంటికి వచ్చి ఆ పిల్లగాని గొంతు పెట్టి మరీ చెప్పిండు. చెప్పి, ఆ పూట అన్నం తినలేదు.

కోచింగ్ కోర్సు చేసిండు. అదీ ఆట లెక్కనే అయింది. ఒక ఏడు ఒక బడి, రెండేండ్లు ఇంకో బడి, అంతా కాంట్రాక్టు. మా బిడ్డ పెండ్లి అయి కరీంనగర్‌లో స్థిరపడినంక, ఉట్నూర్ దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో పని దొరికింది. బడి పక్కనే ఒక అర్ర ఇచ్చిండ్రు. నాలుగేండ్లు ఒక్క చోట ఉన్నం. అన్నేండ్లలో నేను తులసి మొక్క పెట్టి అది గుబురుగా పెరిగేదాకా ఉన్న ఇల్లు అదొక్కటే. దానికి ఇప్పటికీ స్వామికి దండం పెట్టుకుంట.

అక్కడ ఆయనకు ఒక పిల్ల దొరికింది. అడవి ఊరు నుంచి వచ్చింది. జొన్నచేను కాడ మంచె ఎక్కి పొద్దంతా పిట్టలను తోలిన గొంతు. కూతకు పోతే ఊపిరి తెగేది కాదు. మా ఆయన గట్టు మీద కూర్చొని చూస్తూ, "నాకు గింత ఊపిరి ఉంటే నేను ఎక్కడుందునో," అనేవాడు. తన ఆట గురించి ఆయన అట్లా అనుడు నేను ఎన్నడూ వినలేదు. ఆ పిల్ల రాష్ట్రం జట్టులోకి పోతే చాలు, తాను ఇంతకాలం ఊర్లు పట్టి తిరిగినందుకు ఒక అర్థం ఉన్నదనుకుంటనని ఒకరోజు నాతో అన్నడు.

పదహారేండ్ల లోపు పిల్లల ఆటలో ఒక నియమం ఉన్నది. బరువు యాభై ఐదు కిలోలు దాటొద్దు. ఆట మొదలుకాకముందు ఒక్కొక్కరిని కాంటా ఎక్కిస్తరు. ఎక్కువ ఉంటే అక్కడికే ఆఖరు. ఎదిగే వయసు కదా, పిల్ల సరిగ్గా ఆ గీత మీద ఉన్నది. కరీంనగర్‌లో రాష్ట్ర పోటీలు. అందులో ఆడితేనే పెద్దలు చూసి జట్టుకు తీసుకుంటరు. ముందు రోజు నుంచి ఆయన ఆ పిల్లకు తిండి ఆపిండు, నీళ్లు పెదవులు తడిపేవరకే.

"ఎదిగే పిల్లను గట్ల ఎండబెడుతరా?" అన్న నేను.

"రేపు సాయంత్రం దాకనే. కాంటా దిగినంక నీ ఇష్టం, కడుపునిండ పెట్టు."

వార్డెన్ సెలవులో ఉంటే ఆడపిల్లలకు తోడుగా నన్ను రమ్మన్నరు. పొద్దున బండిలో బయలుదేరినం. రాయపట్నం వంతెన దాటితే మా నరసింహస్వామి ఉండే ధర్మపురి. అంత దగ్గరికి వచ్చి స్వామి దర్శనం చేసుకోకుండ పోవుడు నాతోని కాదు. ఆయన మోకాలు నొస్తుందని బండి కాడనే ఉన్నడు. పిల్లలను నేనే లోపలికి తీసుకపోయిన.

బయటికి వచ్చినంక పులిహోర దొప్పలు ఇచ్చిండ్రు. అందరికీ పంచిన. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అమ్మ, సార్ వద్దన్నడు."

"సార్ తిండి వద్దన్నడు బిడ్డా. ఇది ప్రసాదం. ప్రసాదం తిండి అయితదా?"

నేను మనసారా నమ్మి అన్న మాట అది. నా చిన్నప్పటి నుంచి ఉపవాసం రోజు కూడా ప్రసాదం కాదనలేదు మేము. అది కడుపులోకి పోతది గాని కడుపుది కాదు. దానికి బరువు ఉంటదని నాకు తోచనే లేదు. పిల్ల దొప్పను కండ్లకు అద్దుకొని తిన్నది. ఎంత ఆకలి మీద ఉన్నదో, రెండు బుక్కల్లో అయిపోయింది. నా దొప్ప కూడా దానికే ఇచ్చిన. ఉప్పు, పులుపు, ఎండిన నాలుక. నల్లా కాడికి పోయి సీసా నింపుకొని గటగట తాగింది. నేను ఆపలేదు. దాని మొహంలోకి కళ వచ్చుడు చూసి సంతోషపడ్డ.

సాయంత్రం కరీంనగర్‌లో కాంటా ఎక్కితే మూడు వందల గ్రాములు ఎక్కువ వచ్చింది.

అరగంట టైమిచ్చిండ్రు. మా ఆయన ఆ పిల్లకు రెండు స్వెటర్లు తొడిగించి మైదానం చుట్టూ ఉరికించిండు. తాను కుంటుకుంట పక్కనే ఉరికిండు. మళ్లీ ఎక్కితే నూరు గ్రాములు. ఇంకో పది నిమిషాలు అడిగిండు. కుర్చీలో ఉన్నాయన, "రూలు సార్. మీకు తెల్వనిది కాదు," అని పిల్ల పేరు మీద గీత కొట్టిండు.

మా ఆయన పిల్ల దిక్కు తిరిగిండు.

"ఏం తిన్నవ్?"

"ఏం తినలే సార్."

"నీళ్లు తాగినవా?"

"తాగలే సార్."

"మరి కాంటా అబద్ధం చెప్తదా? నీకు ఆట మీద మనసు లేదు. నేనే పిచ్చోన్ని, నాలుగేండ్లు నీ ఎనక పడ్డ. మనసు లేనోళ్లకు ఎంత ఊపిరుంటే ఏంది."

అందరూ వింటున్నరు. వేరే జిల్లాల పిల్లలు కూడా. ఆ పిల్ల ఒక్కసారి నా దిక్కు చూసి తల దించుకుంది. దాని చెమట తుడిచిన తువ్వాల నా చేతిలోనే ఉన్నది. నేను నోరు తెరవలేదు. కోచ్ పెండ్లామే తినిపించిందట అని నలుగురిలో ఆయన నగుబాటు అయితడని ఆగిన, అని తర్వాత ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్న. అది సగమే. మిగిలిన సగం భయం. ఆయన కండ్లు ఆ పిల్ల మీద నుంచి నా మీదికి తిరుగుతయని భయం.

ఆ పిల్ల లేకుండ ఆడి రెండో ఆటకే ఓడిపోయినం. సెలవులకు ఇంటికి పోయిన పిల్ల తిరిగి రాలేదు. పరీక్ష కూడా రాయలేదు.

నెల దాటినంక చెప్పిన. ఆయన గడప మీద కూర్చొని బూట్లు కట్టుకుంటున్నడు.

"నీకొక మాట చెప్పాలె. ధర్మపురిల నేనే పులిహోర పెట్టిన. రెండు దొప్పలు. నీళ్లు కూడా తాగింది."

కట్టిన దారం మళ్లీ విప్పుకున్నడు. కొడితే బాగుండునని అనిపించింది. ఎన్నడూ కొట్టిన మనిషి కాదు.

"గా రోజే చెప్తే ఆట అయితే వచ్చేది కాదు," అన్నడు. "నేను దాన్ని అనకపోదును గదనే."

తర్వాత ఇంకో మాట చెప్పిండు, ఇరవై ఐదేండ్ల కాపురంలో నాకు తెలియని మాట. బెల్లంపల్లిలో ఒక ఫైనల్ ఓడినప్పుడు అక్కడి కోచ్ అందరి ముందర ఆయనను, "కిరాయోనివి, నీకు జట్టు మీద మనసెందుకుంటది," అన్నడట. "ఆ రోజు నా అంత మనసు పెట్టి ఆడినోడు లేడు. అయినా ఆ మాట పోలే. గా మాటనే తీసుకపోయి పిల్ల నెత్తిన కొట్టిన," అన్నడు. అన్ని టోర్నమెంట్లు, అన్ని దెబ్బలు చూసిన మనిషి కండ్లల్ల నీళ్లు తిరుగుడు అప్పుడే చూసిన.

మరునాడే ఆ పిల్ల ఊరు పోయినం. జీపు దిగి ఇంకో రెండు మైళ్లు నడక. వాళ్ల బాపు "రాం రాం సార్" అని మంచం వాల్చిండు, నల్ల చాయ ఇప్పించిండు. పిల్ల పత్తి ఏరుతుంటే పిలిపించిండు. ఒడి నిండా పత్తితోనే వచ్చింది. సన్నబడ్డది.

"తప్పు నాది బిడ్డా," అన్న నేను. "సార్‌కు అంతా చెప్పిన."

"ఎందుకు చెప్పినవ్ అమ్మ. మీ ఇంట్ల లొల్లి అయితదనే గదా నేను చెప్పకుండ ఉన్నది."

మా ఆయన అన్నడు, "తెల్వక అన్న బిడ్డా. నీ తప్పు ఏం లేదు. బడికి రా, పరీక్షకు నేను మాట్లాడుత. వచ్చే ఏడు పెద్దపిల్లలల్ల ఆడుదువు. గీ యాభై ఐదు లొల్లి ఉండదు."

"రాను సార్."

"కోపమా?"

"కోపం కాదు. మీరు మనసు లేదన్నరు గద. ఇంటికి వచ్చినంక రోజూ గదే ఆలోచించిన. లేదనే అనిపించింది."

"నోటికి వచ్చింది అన్న. గది నిజం కాదు."

"మీరు ఊకెనే అన్నా సరే, మీకు ఆట తెలుసు గద సార్. నాకేం తెలుసు."

ఆయన చేతులు జోడించిండు. పిల్ల గాబరాగా అటూ ఇటూ చూసి, "గట్ల చెయ్యకుండ్రి సార్, మా బాపు చూస్తడు," అన్నది. వాళ్ల బాపు అప్పటికే చూసి, మొహం అటు తిప్పుకున్నడు.

ఆ ఏడాదితో అక్కడి కాంట్రాక్టు ముగిసింది. ఇప్పుడు జగిత్యాల దగ్గర ఇంకో బడి. ఆయన ఆట నేర్పుతనే ఉన్నడు. గొంతు పెంచుడు మాత్రం మానేసిండు, పిల్లలు ఈ సార్‌కు కోపమే రాదంటరు. ఉన్నదానికి నేను రోజూ స్వామికి మొక్కుకుంట. బిడ్డ చల్లగా ఉన్నది, ఆయన కాలు ఇంకా నడుస్తున్నది, రెండు పూటలా పొయ్యి వెలుగుతున్నది. ఆ పిల్ల పేరు దగ్గరికి వచ్చేసరికి ఏం అడగాలెనో తెలియక, పేరు మాత్రం చెప్పి ఊకుంట.

పోటీల కాలం రాగానే మా ఆయన, పిల్లను ఆటకు పంపమని ఆ పిల్ల బాపుకు ఫోన్ చేస్తడు. ఈ ఏడు వాళ్ల బాపు, "నన్నడిగితే ఏముంది సార్, పిల్లనే అడుగుండ్రి," అని ఫోన్ దానికే ఇచ్చిండు.

"బాగున్నరా సార్? మోకాలు ఎట్లున్నది? అమ్మ మంచిగున్నదా?" అని అడిగింది.

అందరం బాగున్నమని చెప్పిండు. వానలు ఎట్ల పడ్డయని అడిగిండు. పత్తి ఎంత ఎత్తు వచ్చిందని అడిగిండు. ఆట మాట ఆ పిల్ల ఎత్తలేదు. ఆయన కూడా ఎత్తలేదు.