బద్వేలు వాన, కర్నూలు వాన

లెక్క సరిచూడనిదే నేను దేనినీ నమ్మను. శ్మశానం పక్క వీధిలో ఏళ్ళ తరబడి అద్దెకున్నా, దయ్యమనే మాటకు నా డైరీలో ఎన్నడూ చోటు దొరకలేదు. ఈ ఏడు తొలివాన తరువాత జరిగినది మాత్రం తేదీ వేసి రాసుకున్నాను.

బద్వేలులో ఉండే మా అన్నకూ, కర్నూలులో ఉండే నాకూ ఏటా ఒక పంతం: తొలివాన ముందుగా ఎవరి ఊళ్ళో పడుతుందని. పడగానే ఆ చప్పుడును ఫోనులో రికార్డు చేసి రెండోవాడికి పంపాలి, అదే సాక్ష్యం. వాన తప్ప మరేమీ వినబడకూడదని అన్న ఊపిరి కూడా బిగబట్టేవాడు.

మొన్న మాఘంలో అన్న పోయాడు. దినాలయ్యాక వదిన నన్ను అడిగినది ఒక్కటే.

"ఏమప్పా, నీ కంప్యూటర్లో అన్నీ దాచిపెడతావు కదా. ఆయప్ప గొంతు ఒక్క తూరి వినిపీ."

తొలివాన పడి వెలిశాక, బీరువాలోని పాత డిస్కులు కూడా తీసి వెతికాను. అన్నీ వానలే! పైగా ఒకే వాన నాలుగు చోట్ల, నాలుగు పేర్లతో పేరుకుని ఉంది. విన్నదే మళ్ళీ వింటున్నాను. ముందుగా నకళ్ళను తొలగించాలని, కంప్యూటరుకు ఆజ్ఞలు టైపు చేసి ఇచ్చే కమాండ్ లైన్ తెరిచాను. అక్కడ ఫైలు పేరు చెల్లదు. పరిమాణం సరిపోవాలి, లోపలి సమస్తాన్నీ లెక్కించి తీసిన సంఖ్య సరిపోవాలి, చివరికి బైటుకు బైటు కలవాలి. అప్పుడే నకలు. నాకు నచ్చిన న్యాయం.

జతలు వరుసగా వచ్చాయి. ఒక జత దగ్గర ఆగిపోయాను. ఒకటి ఈ ఏడు తొలివానకు, అలవాటు కొద్దీ మా వరండాలో నేను రికార్డు చేసినది. రెండవది అన్న ఫోను నుంచి రెండేళ్ళ కిందట పాత డిస్కులోకి ఎక్కించినది. అప్పటి నుంచి ఆ డిస్కును ఎవరూ ముట్టలేదు. ఊళ్ళు వేరు, ఫోన్లు వేరు, సంవత్సరాలు వేరు. లోపల మాత్రం ఇసుమంత తేడా లేదు.

పొరపాటున ఒకదానిమీద ఒకటి ఎక్కించానేమోనని, నా రికార్డును ఫోను నుంచి మళ్ళీ దింపి పోల్చాను. అదే సంఖ్య!

అప్పుడు బద్వేలు ఫైలును విన్నాను. అన్న ఇంటి రేకుల మీద వాన. వెనుక మా ఆవిడ కేక:

"ఏమయ్యా, కొత్త బండి తడుస్తాండాది, చూస్తా నిలబడినావు!"

ఆ బండి మేము కొన్నది ఈ ఉగాదికి.

ఆ వెంటనే అన్న నవ్వు. "పోయి బండి తీయ్ రా అప్పా. వాన యాడికీ పోదులే."

నా రికార్డును వాన రోజే విన్నాను. వానా, ఆ కేకా తప్ప అందులో ఏమీ లేవు. మాది మిద్దె, రేకులే లేవు. ఇప్పుడు మళ్ళీ పెడితే అందులోనూ రేకుల మోత, అన్న నవ్వు!

కుర్చీలో నిలవలేకపోయాను. మా ఆవిడ వంటింట్లోనుంచి గరిటెతోనే వచ్చి, "మీ అన్నే! మీ అన్నే!" అంటూ నా భుజం పట్టుకుంది. ఆ క్షణమే దాన్ని వదినకు పంపి, ఫోను చేశాను. అవతల ఆ నవ్వు మళ్ళీ మళ్ళీ మోగుతూనే ఉంది.

చివరికి వదిన అడిగింది: "ఇంతకీ బండి తీసినావా ల్యాదా?"

ముగ్గురమూ ఏడుస్తూనే నవ్వాము.

తెర మీద ప్రశ్న అట్లాగే ఉంది: రెంటిలో ఏది ఉంచాలి? నకలును భరించలేని నేను రెండూ ఉంచాను. ఏది ముందో, ఏది వెనుకో నా లెక్కకు ఇంతవరకూ అందలేదు.